కరెంటు పోయినా చిట్టా ఉంది

నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర ఏటీఎంలో అంకెలు నొక్కానో లేదో, తెర నల్లబడింది. కరెంటు పోయింది. వెనకాల నిలబడ్డ పెద్దాయన "ఇక ఆ డబ్బు మీది కాదు బాబూ" అని చావుకబురు చల్లగా చెప్పారు.

కాసేపటికి ఫోనుకు రెండు సందేశాలు: రెండు వేలు తీసినట్లు ఒకటి, తిరిగి జమ చేసినట్లు ఇంకొకటి.

నాకు డేటాబేస్‌ల (లెక్కలు భద్రపరిచే కంప్యూటర్ వ్యవస్థల) శాస్త్రవేత్త సి. మోహన్ గుర్తొచ్చారు. మన పొరుగునున్న మద్రాసు ఐఐటీలో 1977లో బీటెక్, టెక్సాస్‌లో 1981లో పీహెచ్‌డీ, ఆపైన దశాబ్దాలు ఐబీఎం పరిశోధనశాలలో. (ఏటీఎంకూ బ్యాంకుకూ మధ్య లెక్క సరిచూసుకోవడం వేరే తంతు. బ్యాంకు లెక్కలు దాచే పెద్ద కంప్యూటరు, అంటే సర్వరే కుప్పకూలితే అప్పుడు ఆయన పని కనిపిస్తుంది.)

1992లో సహచరులతో కలిసి ప్రచురించిన, కూలిన డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టే ఏరీస్ పద్ధతికి ఆధారం పాత కిరాణా కొట్టు నియమమే: ముందు చిట్టాలో రాయి, తర్వాతే ఖాతా దిద్దు. నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి అడుగు. కూలిన సర్వరు తిరిగి లేచాక, సగంలో ఆగిన లావాదేవీలతో సహా జరిగినదంతా మళ్లీ జరిపిస్తుంది. ఆ తర్వాతే సగం పనులను వెనక్కి తీస్తుంది. ఆ వెనక్కి తీయడాన్నీ చిట్టాకెక్కిస్తుంది, మధ్యలో మళ్లీ కూలితే రద్దు చేసిందే రద్దు చేయకుండా. ఎంత అనుమానపు మనిషి!

అంతకుముందు 1986లో, పలు కంప్యూటర్లలో పరచుకున్న లావాదేవీల గురించి రాశారు: ఏదైనా లావాదేవీ ఆచూకీ చిట్టాలో లేకపోతే రద్దయినట్లే లెక్క. దాంతో చిట్టా రాతపని తగ్గింది.

మన కాలేజీల్లో ఏరీస్ అంటే మూడు దశల పేర్లు, నాలుగు మార్కులు. మూల వ్యాసం దాదాపు 70 పేజీలు. ఆదివారం కూర్చుని చదువుదామంటే నేను సిద్ధం, టీ ఖర్చు నాది.