గీజర్ కింద కారే చుక్కని మూసేయకండి

గీజర్ ఆన్ చేసిన కాసేపటికి కింద సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కా చుక్కా కారుతుంటే చాలామంది లీకేజీ అనుకుని దానికి ఎండ్ క్యాప్ బిగించేస్తారు, అడిగితే కొందరు ప్లంబర్లు కూడా మారుమాట్లాడకుండా బిగించి వెళ్లిపోతారు, అది చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి కదా. 25 లీటర్ల ట్యాంకులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వెళ్తే దాదాపు 350 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వెనక్కి పైపులోకి పోదామంటే నాన్ రిటర్న్ వాల్వ్ అడ్డం (చాలా సేఫ్టీ వాల్వుల్లో అది లోపలే ఉంటుంది), ట్యాపులేమో కట్టేసి ఉన్నాయి, మరి ఎక్కడికి పోవాలి? గాలినైతే నొక్కి పట్టొచ్చు గానీ నీళ్లు లొంగవు, అందుకే ప్రెషర్ సర్రున ఎక్కేస్తుంది. వాల్వ్ మీద 8 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) అని ఉంటే అక్కడికి రాగానే లోపలి స్ప్రింగ్ వెనక్కి జరిగి ఆ కాస్త నీళ్లు వదిలేస్తుంది. అది దాని డ్యూటీ.

నిజంగా లీకేనా అని డౌటుంటే, కారుతున్నప్పుడే వేడినీళ్ల ట్యాపు ఒక్కసారి తిప్పండి, ప్రెషర్ దిగి చుక్కలు ఆగితే భయం లేదు. గీజర్ ఆఫ్‌లో చల్లగా ఉన్నా రోజంతా కారుతుంటే మాత్రం లైన్ ప్రెషర్ ఎక్కువైనా అయ్యుండాలి, వాల్వ్‌లో ఉప్పు పేరుకునైనా ఉండాలి.

క్యాప్ పెట్టేశాక, నీళ్లు సరిపడా వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ పాడై, అది ఆపకపోతే వేడి మితిమీరినప్పుడు కరెంటు కట్ చేసే కటౌట్ కూడా పని చెయ్యలేదనుకోండి, ప్రెషర్‌లో నీళ్లు 100 దాటినా మరగవు, ఇంకా ఇంకా వేడెక్కుతూనే ఉంటాయి. అప్పుడు ట్యాంకు చీలితే అందులో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది, ఒక లీటరు నీళ్లకి దాదాపు 1,600 లీటర్ల ఆవిరి, గోడలు కూడా నిలబడవు.

కారడం మరీ ఇబ్బందైతే ఆ వాల్వ్‌కి చిన్న పైపు తగిలించి కిందకి వాలుగా డ్రెయిన్ దాకా తీసుకెళ్లండి, మధ్యలో ట్యాపు పెట్టొద్దు, చివర తెరిచే ఉంచాలి. పెద్ద ట్యాంకు, లైన్ ప్రెషర్ ఎక్కువ ఉన్న ఇళ్లలో చల్లనీళ్ల లైన్‌కి ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ పెట్టించుకుంటే ఇంకా మంచిది, అందులో రబ్బరు పొరకి ఒకపక్క గాలి ఉంటుంది, పెరిగిన నీళ్లు ఆ గాలిని నొక్కి చోటు చేసుకుంటాయి. బిగించే ముందే ఆ గాలిని లైన్ ప్రెషర్‌కి సమానంగా కొట్టించాలి, చాలామంది ఇది వదిలేస్తారు. తర్వాత ఎప్పుడైనా దాని గాలి పిన్ను నొక్కితే నీళ్లు వచ్చాయంటే లోపల పొర చిరిగినట్టే, మార్చేయండి.