రెమింగ్టన్ 700: పాత బ్యారెల్ ఎట్టకేలకు వదిలింది

బ్యారెల్ మార్చాలన్న నిర్ణయం బోరోస్కోప్ (గొట్టం లోపల చూసే సన్నటి కెమెరా) పెట్టి చూశాక తీసుకున్నదే. .308 విన్చెస్టర్ అనే రకం గుండు పేల్చే రెమింగ్టన్ 700 రైఫిల్ ఇది. గుండు కూర్చునే ఛాంబర్ దాటి, రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాళ్లు) మొదలయ్యే చోట ఉక్కు ఎండిన చెరువు నేలలా బీటలు వారి ఉంది. గురి మీద గుళ్లు ఒకచోట పడకుండా ఎందుకు చెదురుతున్నాయో అక్కడే తెలిసిపోయింది. కొత్త బ్యారెల్ సంగతి తర్వాత. ముందు ఫ్యాక్టరీ బిగించినదాన్ని రిసీవర్‌కు (బ్యారెల్ బిగిసే, బోల్ట్ నడిచే ఉక్కు భాగం) గీత పడకుండా విప్పాలి.

మ్యాగజైన్, ఛాంబర్ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూశాను. బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ), స్కోప్, దాని బేస్‌లు, స్టాక్, ట్రిగ్గర్ అన్నీ తీసేశాక ఉత్త బ్యారెల్, రిసీవర్ మిగిలాయి. రెండింటి మధ్య రీకాయిల్ లగ్ అనే మందపాటి పలక ఉంటుంది. 700లో అది రిసీవర్‌లో భాగం కాదు, బ్యారెల్ బిగింపు వల్లే అక్కడ నిలబడుతుంది. రెంచ్ పట్టు పొరపాటున కూడా దాని మీద పడకూడదు.

బ్యారెల్‌ను రిసీవర్‌లోకి బిగించే మర మామూలు కుడివైపుదే: 1 1/16 అంగుళాల వ్యాసం, అంగుళానికి 16 చుట్లు. ఇంత సన్నటి మరను గట్టిగా బిగించి ఏళ్ల తరబడి వదిలేస్తే, లోపల చేరిన మడ్డి కూడా జిగురులా పనిచేస్తుంది. తుప్పు వదిలించే నూనెను లగ్ పక్కన అతుకు చుట్టూ వేసి రాత్రంతా వదిలేశాను. అది ఎంత లోపలికి దిగిందో చెప్పలేను కానీ, వేస్తే పోయేదేమీ లేదు.

అసలు తలనొప్పి బ్యారెల్‌ను కదలకుండా పట్టే వైస్‌తో. బ్యారెల్ ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది కదా, వాలు లేని రంధ్రమున్న బుష్ (వైస్‌కూ బ్యారెల్‌కూ మధ్య తొడుగు) వేస్తే ఒక అంచు మాత్రమే తగులుతుంది. ఎంత బిగించినా బ్యారెల్ గిర్రున తిరిగిపోతుంది, దాంతో పాటు పైపూతా లేచిపోతుంది. అందుకే అల్యూమినియం బుష్‌ను బ్యారెల్ వాలుకు సరిపడా లేత్ మీద తొలిచి, రెండు ముక్కలుగా కోశాను. బ్యారెల్‌నీ బుష్‌నీ ఎసిటోన్‌తో నూనె జాడ లేకుండా తుడిచి, మధ్యలో కాగితం, దాని మీద పట్టు జారకుండా రోజిన్ (చెట్టు జిగురు) పొడి. పట్టు రిసీవర్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. దూరంగా పట్టుకుంటే మన బలంలో కొంత బ్యారెల్‌ను మెలిపెట్టడానికే ఖర్చవుతుంది. వైస్ బోల్టులను ఒకటి విడిచి ఒకటి, కొంచెం కొంచెంగా బిగించాలి. రెండు దవడల మధ్య సందు అన్నివైపులా సమానంగా ఉందో లేదో చూసుకుంటూ ఉండాలి.

రిసీవర్‌ను తిప్పే రెంచ్ రెండు రకాలు. ఒకటి రిసీవర్ ముందు రింగును బయట నుంచి పట్టుకుంటుంది, రెండోది వెనక నుంచి దూరి బోల్ట్ నడిచే గాళ్లలో కూర్చుంటుంది. 700 రిసీవర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి నా ఓటు బయట పట్టుకునేదానికే, అదీ లోపలి గుంట రిసీవర్ వ్యాసానికి సరిగ్గా అమరితేనే. ఖాళీ గుండు తొడుగులు బయటకు నెట్టే కిటికీలోంచి ఇనుప కడ్డీ దూర్చి తిప్పేవాళ్లున్నారు. రిసీవర్‌లో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే. మెలిక పడితే మళ్లీ తిన్నగా కాదు.

కదలిక తెలియడానికి అతుకుకు అడ్డంగా మార్కర్‌తో గీత గీశాను. మెల్లగా ఒత్తిడి పెంచుతూ లాగితే కదల్లేదు. రెంచ్ పిడిని ఒక చేత్తో బిగువుగా పట్టి, చివర మెత్తని సుత్తితో ఒక్క దెబ్బ వేయడం మేలు. అప్పటికీ రాకపోతే హీట్ గన్‌తో ముందు రింగును వేడిచేసి మళ్లీ కొట్టాలి. గ్యాస్ మంట మాత్రం వద్దు. ఉక్కు రంగు మారిందంటే వేడి అప్పటికే హద్దు దాటినట్టు, బోల్ట్ లగ్‌లు (బోల్ట్‌ను తాళం వేసే పళ్లు) ఆనుకునే చోట గట్టిదనం పోతే రిసీవర్‌ను పక్కన పడేయాల్సిందే. నాకు వేడి చేశాకే వదిలింది. టక్ మని శబ్దం, మార్కర్ గీత రెండు ముక్కలు. ఆ తర్వాత చేత్తోనే తిరిగి వచ్చేసింది. అప్పటిదాకా ఉన్న టెన్షన్ అంతా ఆ శబ్దంతోనే పోయింది.

ఇవేవీ పనిచేయకపోతే చివరి దారి ఒకటుంది: లేత్ మీద బ్యారెల్ భుజం (లగ్‌కు ఆనే అంచు) పక్కన, లగ్‌కు ముందు, సన్నటి గాడి కోయడం. భుజం మీది ఒత్తిడి తగ్గి మర వదులవుతుంది. పాత బ్యారెల్ ఎలాగూ పారేసేదే అయితే ఇందులో మొహమాటం అక్కర్లేదు.

సావేజ్ 110 అనే రైఫిల్ ఉన్నవాళ్లకు ఈ పాట్లు చాలా తక్కువ. 1958లో వచ్చినప్పటి నుంచీ దానిలో బ్యారెల్‌ను నట్టుతో బిగిస్తారు. నట్టు వదిలితే పని దాదాపు అయిపోయినట్టే.

రిసీవర్ మరల్లో నల్లటి మడ్డి పేరుకుని ఉంది. ఇత్తడి బ్రష్‌తో రుద్ది, సాల్వెంట్‌తో కడిగాను. రిసీవర్ ముందు అంచు, అంటే దాని ముఖం మీద, లగ్ ఒత్తుకున్న వలయం ఒకవైపు మెరుస్తోంది, మరోవైపు మసగ్గా ఉంది. అంటే లగ్ గానీ, రిసీవర్ ముఖం గానీ సమంగా లేదు. కొత్త లగ్ వేసి, ముఖాన్ని మరకు లంబంగా చదును చేయించాలి.

ఆపైన హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కూ ఛాంబర్‌లో గుండు ఆగే చోటికీ మధ్య దూరం. దాన్ని గేజ్ అనే కొలత ముక్కలతో చూస్తారు. .308కి గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో 1.634. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేసి చూడాలి, లేకపోతే స్ప్రింగుల ఒత్తిడి చేతికి తప్పుడు సమాచారం ఇస్తుంది. గో మీద బోల్ట్ హాయిగా మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఒత్తిడి పుట్టే గుండు ఇది. గేజ్‌లు రాకముందు ఆ రిసీవర్‌లోకి కొత్త బ్యారెల్ ఎక్కదు.