డర్బన్‌లో మనవాళ్లు నల్లవారమని చెప్పుకున్న కాలం

దక్షిణాఫ్రికా తెలుగువారిపై మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు ఒకే తోవలో నడుస్తాయి. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో నౌక 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరడం, చెరకు తోటల్లో ఒప్పంద కూలీలు పడిన పాట్లు, 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పాటు, నేటికీ నిలిచిన నాయుడు, రెడ్డి ఇంటిపేర్లు, ఉగాది వేడుకలు, రామభజనలు వాటిలో తప్పక ఉంటాయి. ఇవన్నీ నిజాలే, గర్వించదగినవే. కానీ 1970వ దశకంలో అక్కడి భారత సంతతి యువకులు కొందరు తాము నల్లవారమని బాహాటంగా ప్రకటించుకొని, అందుకు జైలుకు కూడా వెళ్లిన ఘట్టం వాటిలో నాకు కనబడలేదు. జాతి గౌరవం, సాంస్కృతిక అస్తిత్వం అనే మాటలు మన చుట్టూ ఇంత విరివిగా వినిపిస్తున్న రోజుల్లో ఆ ఘట్టాన్ని తెలుగులో చెప్పుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం దక్షిణాఫ్రికాలోని ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. ముద్ర ఎటూ తేలని చోట అధికారులు మనిషి జుట్టులో పెన్సిలు దూర్చి తల విదిలించమనేవారు. పెన్సిలు జారిపోతే ఒక జాతి, చిక్కుకొని నిలిస్తే మరొక జాతి. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు ఈ లెక్కన వేర్వేరు జాతులై, వేర్వేరు పేటల్లో బతకవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అయితే మనం శ్రద్ధగా గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ తెల్లవారి ప్రభుత్వం ఎవరి సంస్కృతినీ వదులుకోమనలేదు. ఎవరి భాష వారిది, ఎవరి ఆచారం వారిది, ఎవరి అభివృద్ధి వారిది అని పైకి ఎంతో మర్యాదగా చెబుతూ ఆఫ్రికన్లలో జులూలకు ఒక ప్రాంతం, ఖోసాలకు ఒక ప్రాంతం కేటాయించింది. 1976లో ఖోసాల ప్రాంతమైన ట్రాన్స్‌కై‌ని స్వతంత్ర దేశమని కూడా ప్రకటించింది. భారతీయుల కోసం 1961లో డర్బన్ రేవులోని సల్స్‌బరీ దీవిలో, నౌకాదళం విడిచిపెట్టిన పాత బారకాసుల్లో, ప్రత్యేకంగా ఒక కళాశాల తెరిచింది. సంస్కృతిని పొగుడుతూనే ఆ సంస్కృతి గల మనిషిని గోడ వెనక ఉంచవచ్చని ఆ పాలకులు బాగా గ్రహించారు.

అలాంటి గోడలు ఆ చట్టానికి ముందే పనిచేస్తున్నాయి. 1949 జనవరిలో డర్బన్ మార్కెట్ వద్ద ఒక భారతీయుడు ఒక ఆఫ్రికన్ బాలుణ్ణి కొట్టడంతో రాజుకున్న అల్లర్లు నగరమంతా పాకి, అధికారిక లెక్కల ప్రకారమే 142 మందిని బలిగొన్నాయి. మృతుల్లో ఎక్కువమంది ఆఫ్రికన్లు, తరువాత భారతీయులు. ఆ గాయం మానని ఊళ్లోనే, ఇరవై ఏళ్లు దాటేసరికి, రెండు జాతుల యువకులు ఒకే పేరు కిందికి రావడం మామూలు సంగతి కాదు.

ఆ పేరు కింద వారిని కూడగట్టినవారిలో ప్రముఖుడు స్టీవ్ బీకో. ఆయన నటాల్ విశ్వవిద్యాలయంలో తెల్లవారు కానివారికి కేటాయించిన వైద్య విభాగంలో చదివాడు. ఆఫ్రికన్లు, భారతీయులు, మిశ్రమ సంతతివారు కలిసి చదువుకోగలిగిన అరుదైన చోటు అది. 1967లో గ్రేహామ్స్‌టౌన్‌లో జరిగిన విద్యార్థి మహాసభలో సమానత్వం గురించి ఉపన్యాసాలిచ్చిన తెల్ల విద్యార్థులు రాత్రికి విశ్వవిద్యాలయ వసతి గృహాల్లో పడుకుంటే, ఆఫ్రికన్ ప్రతినిధులు ఊరవతల చర్చిలో పడుకోవలసి వచ్చింది. ఊరవతల అన్నది ఎంత బరువైన మాటో తెలుగు పాఠకులకు నేను వివరించనక్కరలేదు. ఆ అనుభవం తరువాత బీకో, ఆయన మిత్రులు 1969లో దక్షిణాఫ్రికా విద్యార్థి సంస్థను విడిగా ప్రారంభించారు. అంతవరకు బోర్డుల మీద, దరఖాస్తుల మీద వారందరూ ‘తెల్లవారు కానివారు’. ఆ మాటను తోసిపుచ్చి, చట్టం వల్లనో సంప్రదాయం వల్లనో రాజకీయంగా, ఆర్థికంగా, సామాజికంగా వివక్షకు గురవుతూ, ఆ పోరాటంలో తాము ఒకటేనని భావించే వారందరూ నల్లవారేనని 1971లో వారు నిర్వచించుకున్నారు. ఒంటి రంగు ఎంత నల్లనిదైనా, వివక్షను నడిపే పోలీసు ఉద్యోగంలో చేరినవాడు ఈ లెక్కలోకి రాడని బీకో స్పష్టంగా రాశాడు.

ఈ నిర్వచనాన్ని ప్రభుత్వం న్యాయస్థానానికి ఈడ్చింది. ఈ ఉద్యమ నాయకులు తొమ్మిది మందిపై ప్రిటోరియాలో నడిచిన కేసులో భారత సంతతికి చెందిన సత్స్ కూపర్, స్ట్రీని మూడ్లీ కూడా ముద్దాయిలు. 1976 మే నెలలో బీకో వారి తరఫున సాక్ష్యం చెబుతుండగా, మీరు నలుపు కన్నా గోధుమరంగులో ఉన్నారు కదా, నల్లవారమని ఎందుకంటారు అని న్యాయమూర్తి అడిగాడు. తెల్లవారు కూడా తెలుపు కన్నా గులాబీ, పసుపు రంగుల్లో ఉన్నారని, వారిని తెల్లవారు అంటున్నట్టే ఇదీ అని బీకో బదులిచ్చాడు. తొమ్మిది మందికీ శిక్షలు పడ్డాయి. కూపర్, మూడ్లీ రాబెన్ దీవి జైలులో గడిపారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 12న, పోలీసు నిర్బంధంలో తలకు తగిలిన గాయాలతో, బీకో ముప్ఫై ఏళ్ల వయసులో మరణించాడు.

జాతి గౌరవం అనగానే రక్తం, మూలపురుషులు, స్వర్ణయుగం ముందుకు వస్తాయి. బీకో కూడా ఆఫ్రికన్ సంస్కృతిని ప్రేమగా వర్ణించాడు: పని ఉన్నా లేకున్నా ఇరుగుపొరుగు ఇళ్లకు పోయి కూర్చునే అలవాటును, పొలం పనుల్లో కలిసి పాడే పాటలను. కానీ ఆ సంస్కృతి 1652లో తెల్లవారు కేప్‌లో దిగిన నాడే ఆగిపోయిందన్న వాదనను ఆయన అంగీకరించలేదు. అది నేటికీ కదిలేది, మారేది అని పట్టుబట్టాడు. పాలకులు పంచిపెట్టిన సంస్కృతికీ ఆయన చెప్పిన సంస్కృతికీ తేడా నాకు ఇక్కడే కనబడుతుంది. మొదటిది మనిషిని పక్కవాడి నుంచి విడదీసి తన పేటలో కూర్చోబెడుతుంది. రెండవది తనను తాను తక్కువగా చూసుకోవడం మానిన మనిషిని పక్కవాడి దగ్గరకు నడిపిస్తుంది.

ఈ పిలుపును అక్కడి భారతీయులందరూ అందుకోలేదు. చాలామంది దుకాణదారులు, ఉద్యోగస్తులు భయంతో దూరంగానే ఉండిపోయారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. అయినా 1984లో ఆఫ్రికన్లను బయటే ఉంచి భారతీయులకు పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక సభ ఇస్తామని ప్రభుత్వం ఎన్నికలు పెట్టినప్పుడు, నమోదైన భారతీయ ఓటర్లలో ఐదింట ఒక వంతు మాత్రమే ఓటు వేశారు. 1998 నాటి ఉద్యోగ సమానత్వ చట్టంలో నల్లవారు అంటే ఆఫ్రికన్లు, మిశ్రమ సంతతివారు, భారతీయులు అని రాసి ఉంది. డర్బన్ తెలుగువారి చరిత్రను మన పిల్లలకు చెప్పే సభల్లో, ట్రూరో నౌక పక్కన ప్రిటోరియా న్యాయస్థానానికి కూడా చోటివ్వాలని తెలుగు సంఘాల పెద్దలను కోరుతున్నాను.