‘నా కొట్లు విప్పి’: కరవునాటి కైసరయలో బాసిల్ ప్రసంగం

“నేనీలాగు చేతును; నా కొట్లు విప్పి, వాటికంటె గొప్పవాటిని కట్టించి, అందులో నా ధాన్యమంతటిని, నా ఆస్తిని సమకూర్చుకొని” అని లూకా సువార్త 12వ అధ్యాయం 18వ వచనంలో ఒక ధనవంతుడు తనలో తాను అనుకుంటాడు. మన సంఘాల్లో ఈ ఉపమానం మీద ప్రసంగం జరిగినప్పుడు దృష్టి సాధారణంగా 20వ వచనం మీదికే పోతుంది. “వెఱ్ఱివాడా, యీ రాత్రి నీ ప్రాణము నడుగుచున్నారు” అన్న దేవుని మాట చదివి, మరణం ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక సిద్ధపడి ఉండాలన్న హెచ్చరికతో ముగిస్తాము. ఆ హెచ్చరిక సత్యమే. అయితే నాలుగవ శతాబ్దంలో కప్పదొకియ దేశపు కైసరయలో ఇదే వాక్యభాగాన్ని బోధించిన బాసిల్ 20వ వచనానికి త్వరపడలేదు. ఆ గాదెల దగ్గరే నిలబడి, వాటిలో ఏముంది, అది ఎవరిది అని అడిగారు. ఆ ప్రసంగం చదివినవారికి, ధనవంతుడు ఆ రాత్రి చనిపోకుండా ఇంకా ఎన్నో ఏళ్లు బ్రతికి ఉన్నా అతని తప్పు ఏమాత్రం తగ్గేది కాదని అర్థమవుతుంది.

కప్పదొకియ మనకు బైబిలులో తెలిసిన పేరే. పెంతెకొస్తు దినాన యెరూషలేములో ఉన్నవారిలో కప్పదొకియవారు ఉన్నారు. పేతురు తన మొదటి పత్రికను అక్కడ చెదరి ఉన్నవారికి కూడా రాశాడు. కానీ ఈ కైసరయ కొర్నేలి నివసించిన సముద్రతీర పట్టణం కాదు. ఇది నేటి టర్కీ మధ్యభాగంలో కైసేరి అనే పేరుతో ఉన్న పట్టణం. 368, 369 సంవత్సరాల ప్రాంతంలో ఆ దేశానికి ఘోరమైన కరవు వచ్చింది. శీతకాలంలో మంచు కురవలేదు, వసంతంలో వాన పడలేదు. తీరప్రాంతపు పట్టణాలకు ఓడల మీద ధాన్యం వస్తుంది గాని, లోతట్టున ఉన్న కైసరయకు తనలో మిగిలింది అమ్ముకునే దారీ లేదు, తక్కువైంది తెప్పించుకునే దారీ లేదని బాసిల్ స్నేహితుడైన నజియాంజు గ్రెగోరి వివరించారు. అటువంటి చోట ధాన్యం దాచుకున్నవాడు ప్రతి వారం మరింత ధనవంతుడు అవుతాడు.

అప్పటికి బాసిల్ ఇంకా బిషప్ కాలేదు. కైసరయ సంఘంలో బిషప్ కింద పనిచేసే గురువుగా ఉన్నారు. కరవు గురించి ఆయన చేసిన ప్రసంగంలో పొలాల వర్ణన ఉంది: నేల నెర్రెలు విచ్చి ఎండ లోపలిదాకా దిగుతున్నది; రైతులు చేలో కూర్చుని మోకాళ్లు కౌగిలించుకుని, ఎండిపోయిన పైరును చేతితో తడుముతూ, ఎదిగిన కొడుకును పోగొట్టుకున్న తండ్రుల వలె ఏడుస్తున్నారు. వారిని చూసిన మనిషే గాదెల ఉపమానాన్ని విప్పి చెప్పారని గుర్తు పెట్టుకుని ఆ గాదెల ప్రసంగం చదవాలి.

అందులో ఆయన మొదట పట్టుకున్నది “నేనేమి చేతును” అన్న ధనవంతుని మాటను. పొలం విరగపండిన రోజున ఇతడు నిట్టూర్చుతున్నాడు. తినడానికి ఏమీ లేని పేదవాడు కూడా సరిగ్గా ఈ మాటే అంటాడు: ఏమి చేయను, తిండి ఎక్కడినుంచి వస్తుంది, బట్ట ఎక్కడినుంచి వస్తుంది? సమృద్ధి కూడా లేమిలాగే మనిషిని నిద్రపోనివ్వకుండా చేసిందన్నది బాసిల్ గమనించిన విషయం. స్థలం చాలలేదంటున్నావు గదా, గాదెలు సిద్ధంగానే ఉన్నాయి, అవి పేదల కడుపులు అని ఆయన జవాబు. ఎవరికి అన్యాయం చేశాను, నాది నేను దాచుకుంటున్నాను అనేవానికి ఆయన నాటకశాల దృష్టాంతం చెబుతారు: అందరికోసం ఉన్న చోటికి ముందుగా వచ్చి కూర్చున్నంత మాత్రాన, తరువాత వచ్చేవారిని అడ్డుకుని అదంతా నాదే అంటే ఎలా? ఆ తరువాత వచ్చే వాక్యాలు క్రైస్తవ లోకం పదహారు శతాబ్దాలుగా మరచిపోలేనివి. నీవు పట్టుకుని ఉన్న రొట్టె ఆకలిగొన్నవానిది, పెట్టెలో పెట్టి తాళం వేసిన వస్త్రం బట్టలేనివానిది, నీ దగ్గర కుళ్లిపోతున్న చెప్పులు కాళ్లకు చెప్పులు లేనివానివి, పాతిపెట్టిన వెండి అవసరంలో ఉన్నవానిది అంటారాయన. దానం చేసినవాడు గొప్పవాడని ఆయన పొగడడం లేదు. అది ఎవరిదో వారికి అప్పగించడం మాత్రమే అంటున్నారు.

ఆ ప్రసంగంలో మరొక భాగం ఉంది. దాన్ని నేను ఎన్నిసార్లు చదివినా తొందరగా దాటిపోలేకపోయాను. ఒక పేద తండ్రి ఇంట్లో చుట్టూ చూస్తాడు. బంగారం లేదు, ఇకమీదట వచ్చేదీ లేదు. ఉన్న కొద్దిపాటి సామాను అమ్మినా వచ్చేది లెక్కకు రాదు. చివరకు అతని చూపు పిల్లల మీదికి పోతుంది. ఒకరిని సంతకు తీసుకుపోయి అమ్మితే మిగిలినవారు బ్రతుకుతారు. ఒకవైపు ఆకలి, మరొకవైపు తండ్రి ప్రేమ అతన్ని లాగుతున్నాయి. ఎవరిని ముందు అమ్మాలి? పెద్దవాడినా, వాడి జ్యేష్ఠత్వం చూస్తే చేతులు రావు. చిన్నవాడినా, జరుగుతున్నదేమిటో తెలియని ఆ పసితనం చూస్తే జాలి. వీడిలో తల్లిదండ్రుల పోలికలు స్పష్టంగా ఉన్నాయి, వాడికి చదువు బాగా వస్తుంది. ఎవరినీ అమ్మకపోతే అందరూ చనిపోతారు, ఒకరిని అమ్మితే మిగిలినవారి ముఖం ఎలా చూడాలి? చివరకు కన్నీళ్లతో అత్యంత ప్రియమైన బిడ్డను తీసుకుని అతడు వస్తాడు. అప్పుడు బాసిల్ ధాన్యం అమ్మేవానివైపు తిరుగుతారు: అతడు తన కడుపున పుట్టిన బిడ్డను తిండికి వెలగా ఇస్తుంటే నీ చెయ్యి కొంకర్లు పోలేదు, పైగా తూకం దగ్గర నిలబడి ఎక్కువ తీసుకుని తక్కువ కొలవడానికి బేరం చేస్తున్నావు.

ఉపమానంలో ఈ తండ్రి లేడు. ధనవంతుడు, దేవుడు ఇద్దరే ఉన్నారు. “తనలో తానాలోచించుకొని” అని ప్రభువు చెప్పిన ఆ మనిషి ఏకాంతంలోకి బాసిల్ ఈ తండ్రిని చేయి పట్టుకుని తీసుకువచ్చి నిలబెట్టారు. అది ఉపమానానికి ఏదో అదనంగా కలపడం కాదని నా నమ్మకం. కొట్టులో ధాన్యం ఉన్నంతసేపు తలుపు బయట అతడు ఉండనే ఉన్నాడు. “ధాన్యము బిగబట్టువానిని జనులు శపించెదరు” అన్న సామెతల గ్రంథం 11వ అధ్యాయం 26వ వచనాన్ని కూడా బాసిల్ ఇదే ప్రసంగంలో గుర్తు చేశారు. కరవు వస్తుందేమోనని కనిపెట్టుకుని ఉండడం, ఇతరుల ఆపదను బంగారంగా మార్చుకోవడం ఆయన దృష్టిలో హత్యకు దూరమైన పని కాదు.

ఇంత కఠినంగా మాట్లాడిన మనిషి మాటతో ఆగిపోలేదు. గ్రెగోరి చెప్పినదాని ప్రకారం, ఆయన బోధవల్ల ధనవంతులు గాదెలు తెరిచారు. ఆకలితో కొనఊపిరి మీద ఉన్న స్త్రీలను, పురుషులను, పిల్లలను, ముసలివారిని ఒకచోట చేర్చి, అందరిదగ్గరనుంచి దొరికిన తిండి సేకరించి, పప్పుధాన్యాల పులుసు, ఉప్పులో నిలవచేసిన మాంసం పెద్ద కాగుల్లో వండించి వడ్డించారు. బాసిల్ తానే నడుముకు తువాలు కట్టుకుని, శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును అనుసరించి వారికి సేవ చేశారు.

ఈ మనిషి ఇలా ఎలా తయారయ్యారు అన్నదానికి జవాబు ఆయన ఇంటిలో ఉంది. సుమారు 330లో పుట్టిన బాసిల్ తాతముత్తాతలు రోమా ప్రభుత్వం క్రైస్తవులను హింసించిన కాలంలో నల్లసముద్రం దగ్గరి పొంతు దేశపు అడవుల్లో ఏడేళ్లు తలదాచుకున్నవారు. ఆయన కైసరయలో, కొన్‌స్టాంటినోపుల్‌లో, ఏథెన్సులో చదివి, వాక్చాతుర్యంలో పేరు తెచ్చుకుని కొంత గర్వంతోనే ఇల్లు చేరారని తమ్ముడైన నిస్సా గ్రెగోరి దాచకుండా రాశారు. ఆ గర్వాన్ని దించినది అక్క మాక్రీనా. తరువాత బాసిల్ ఒక ఉత్తరంలో, గాఢనిద్రనుంచి లేచినట్టు మేల్కొని సువార్త చదివితే, ఉన్నది అమ్మి పేద సహోదరులతో పంచుకోవడమే పరిపూర్ణతకు గొప్ప మార్గమని కనబడిందని రాసుకున్నారు. ఐగుప్తు, పాలస్తీనా, సిరియా ప్రాంతాల్లో సన్యాసుల మధ్య తిరిగి వచ్చి, పొంతులో ఐరిస్ నది ఒడ్డున సహవాస జీవితం మొదలుపెట్టారు. ఒంటరిగా ఉండేవాడు ఎవరి పాదాలు కడుగుతాడు అన్న ఆయన ప్రశ్న అక్కడి జీవితపు నియమాల్లోనిదే.

370లో ఆయన బిషప్ అయ్యారు. కుమారుడు తండ్రితో సమానుడు కాడన్న బోధను బలపరచిన వాలెన్స్ చక్రవర్తి పరిపాలన అది. చక్రవర్తి అధికారి మొదెస్తు ఆయనను పిలిపించి, ఆస్తి జప్తు, దేశబహిష్కారం, చిత్రహింస, మరణం అని వరుసగా బెదిరించాడు. ఈ చిరిగిన బట్టలు, కొద్ది పుస్తకాలు తప్ప నా దగ్గర జప్తు చేయడానికి ఏముంది అని బాసిల్ బదులిచ్చినట్టు నజియాంజు గ్రెగోరి రాశారు. నాతో ఇంతవరకు ఎవరూ ఇలా మాట్లాడలేదని అధికారి అంటే, బహుశా నీవు ఇంతవరకు బిషప్‌ను కలిసి ఉండవు అన్నారట. ఈ సంభాషణను సాధారణంగా సిద్ధాంతంకోసం చూపిన ధైర్యంగా మాత్రమే చెబుతారు. కొట్లు ఖాళీ చేసుకున్న మనిషిని ఆస్తి పేరుతో భయపెట్టలేరన్న సంగతిని దానితో కలిపి చూడాలి.

ఆయన వేదాంతాన్ని కూడా ఆ ప్రసంగంనుంచి విడదీయకూడదని నా అభిప్రాయం. 375లో ఇకొనియ బిషప్ అంఫిలోకియు కోసం పరిశుద్ధాత్మ గురించి రాసిన గ్రంథంలో, తండ్రికి, కుమారునికి చెందే ఘనత ఆత్మకూ చెందుతుందని లేఖనాలతో, సంఘపు ఆరాధనా సంప్రదాయంతో వాదించారు. అక్కడ ఆత్మను సూర్యకిరణంతో పోల్చారు: ఆ వెలుగు ప్రతివానికీ తనకొక్కడికే ప్రకాశిస్తున్నట్టు ఉంటుంది, అయినా భూమినీ సముద్రాన్నీ నింపుతుంది, ఎంతమంది పాలుపొందినా అది తరగదు. తరిగిపోతుందన్న భయంతోనే ధనవంతుడు గాదె కడతాడు. పంచుకున్నా తరగని దేవుణ్ణి ఆరాధిస్తూ ధాన్యాన్ని బిగబట్టడం బాసిల్‌కు పొసగని విషయం. పట్టణం వెలుపల ప్రయాణికులకు, రోగులకు, కుష్ఠురోగులకు ఆయన కట్టించిన ఆశ్రయాన్ని నజియాంజు గ్రెగోరి ‘కొత్త పట్టణం’ అన్నారు. రోగులను బాసిల్ దగ్గరకు తీసుకుని ముద్దుపెట్టుకునేవారు. వైద్యులు, పరిచారకులు, సామాను మోసే జంతువులు, పనివారి శాలలు అక్కడ ఎందుకు కావాలో వివరిస్తూ ప్రాంతాధిపతి ఏలీయాకు రాసిన ఆయన ఉత్తరం ఇప్పటికీ ఉంది.

కరవు ప్రసంగంలో బాసిల్ అనావృష్టిని ప్రజల పాపానికి దేవుడిచ్చిన దండనగా చెప్పారు. ఈ మాటను మనం ఎత్తుకుని, నష్టపోయిన ప్రతి రైతు మీద వేలు చూపడం యోబు స్నేహితుల తోవలో నడవడమే అవుతుంది. బాసిల్ వేలు మాత్రం పైరు ఎండినవానివైపు కాదు, గాదె మూసినవానివైపు ఉంది. మన పల్లెల్లో కోత పండుగనాడు విశ్వాసులు తొలి ధాన్యం, కూరగాయలు, కోళ్లు తెచ్చి అర్పిస్తారు. ఆ ఆరాధనలో ఈ ఉపమానాన్ని 18వ వచనం దగ్గర ఆగి చదివితే, అర్పణ బల్ల దగ్గరినుంచి ఆ సంవత్సరం ఎవరింటికి ఎంత వెళ్లాలన్న ప్రశ్న దానంతట అదే లేస్తుంది.

ఇది ధనవంతులకు మాత్రమే సంబంధించిన మాట అని తప్పించుకోవడానికి బాసిల్ ఎవరినీ వదలలేదు. అదే కరవు ప్రసంగంలో ఆయన పేదలవైపు కూడా తిరిగారు. నీవు పేదవాడివా, నీకంటే పేదవాడు ఉన్నాడు; నీకు పది రోజులకు ఉంటే అతనికి ఒక్కరోజుకే ఉంది అన్నారు. సారెపతు విధవరాలు తొట్టిలోని చివరి పట్టెడు పిండితో ముందు ఏలీయా ప్రవక్తకు అప్పము చేసి పెట్టిన సంగతి జ్ఞాపకం చేసి, ఇంట్లో ఒక్క రొట్టె మిగిలి ఉండగా తలుపు దగ్గర యాచకుడు నిలబడితే, ఆ ఒక్కటీ తెచ్చి చేతుల్లో పెట్టుకుని ఆకాశంవైపు ఎత్తి ప్రార్థించి ఇవ్వమన్నారు.