నూట ఏడట!

చిన్నదానికి జ్వరం దిగింది. రాత్రి పెరుగన్నం అడిగి మరీ తింది. ఆ శుభవార్త అయిపోయింది కాబట్టి ఇక కోపం సంగతి.

మధ్యాహ్నం కొత్త డిజిటల్ థర్మామీటరు 38.5 సెల్సియస్ చూపించింది. మందుల దుకాణానికి ఫోను చేస్తే అక్కడి అబ్బాయి, "ముప్పై ఎనిమిదేనా? అది జ్వరమే కాదు కాకూ (పిన్నీ)" అని పెట్టేశాడు. మా ఆయన అంతకు మించినవారు. రెట్టింపు చేసి ముప్పై కలిపితే ఫారెన్‌హీట్ వస్తుందని నోటిలెక్క కట్టి, నూట ఏడని ప్రకటించారు. అత్తయ్య దేవుడి గది గుమ్మంలోనే కూలబడ్డారు. ఆ చిట్కా చలిదేశాల వాతావరణానికి సరిపోతే సరిపోవచ్చు, ఒంటికి పనికిరాదు. రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసేసి, 32 కలపాలి. 77లో 7.7 పోతే 69.3, దానికి 32 కలిపితే 101.3. ఎంత చెప్పినా "దాదాపు అంతేగా" అంటారు!

నాన్న థర్మామీటరులో గీతలు 108తో ఆగిపోయేవి. మిల్లు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, దాన్ని డబ్బాలోంచి తీసి మణికట్టుతో నాలుగు విదిలింపులు విదిలించేవారు. మంచం కోడు తగులుతుందని అమ్మ గోల. తరువాత కిటికీ దగ్గర నిలబడి గాజుకడ్డీని మెల్లగా తిప్పేవారు. ఒక్క కోణంలోనే పాదరసం గీత మెరిసేది, మరి కాస్త తిప్పితే మాయం. "నూటొకటి" అన్నారంటే బడి లేనట్టే. "తొంభైతొమ్మిది" అంటే మాత్రం మాకు ఏడుపు.

1742లో ఈ కొలత పెట్టిన సెల్సియస్ మొదట మరిగే నీటికి 0, గడ్డకట్టే నీటికి 100 పెట్టాడట. అలాగే ఉంచేసి ఉంటే జ్వరం పెరిగే కొద్దీ అంకె తగ్గేది, దుకాణం అబ్బాయి ఇంకా సంతోషించేవాడు.

ఎండకో కొలత, ఒంటికో కొలత ఎందుకు, అన్నిటికీ సెల్సియసే చాలదా అని రాద్దామనే కూర్చున్నాను. ఇంతలో టీవీలో మా పక్కనున్న చంద్రపూర్‌లో ఎండ 45 అన్నారు. ఒకే కొలతలో చూస్తే జ్వరంతో మూలుగుతున్న పిల్ల మా పెరటికంటే చల్లగా ఉన్నట్టు! పోనీ ఎండను కూడా ఫారెన్‌హీట్‌లో చెప్పుకుందామంటే 113. మా బల్లార్షాలో మే నెల గడవాలంటే ఆ అంకె చెవిన పడకపోవడమే మేలు. వద్దు, రెండూ ఉండనివ్వండి.

కొత్త థర్మామీటరు బటన్ నొక్కి పట్టుకుంటే ఫారెన్‌హీట్‌లోకి మారుతుందని పుణె నుంచి మా అబ్బాయి చెప్పాడు. ఎంతసేపు నొక్కాలో కాగితంలో ఉంటుందట. ఆ కాగితాన్ని అట్టపెట్టెతో సహా చెత్తబండిలో వేసి వచ్చింది ఎవరో వేరే చెప్పాలా?