స్టిఫ్ షాఫ్టే కావాలని వచ్చేవాళ్ళకి

బెంగళూరులో గోల్ఫ్ కర్రలకు, అంటే క్లబ్బులకు, షాఫ్టులు (పొడుగాటి కడ్డీలు), గ్రిప్పులు (చేత్తో పట్టుకునే పిడి తొడుగులు) మార్చే పని నాది. మాది హిందూపురం దగ్గర పల్లె. రైలెక్కితే ఇంటికి చేరడానికి పెద్దగా పట్టదు కాబట్టి నేను పరాయి ఊళ్ళో ఉన్నానంటే మావాళ్ళు ఒప్పుకోరు. పొద్దున్నే కన్నడంలో టీ అడుగుతాను. వర్క్‌షాపులో పక్క బల్ల అన్నతో తమిళం, వచ్చే సార్లతో ఇంగ్లీషు. రాత్రి రూముకొచ్చాకే మన మాట. అలా బతికేవాడికి వంద కిలోమీటర్లయినా పరాయి ఊరే.

ఈ మధ్య మాత్రం ఆ మాట పగలు కూడా వినపడుతోంది. వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ వైపు నుంచి తెలుగు సార్లు చాలామంది గోల్ఫ్‌కి వస్తున్నారు. గుంటూరు, కర్నూలు, వరంగల్, అన్ని వైపుల వాళ్ళూ ఉన్నారు. వచ్చిన సారు ముందు ఇంగ్లీషులోనే మొదలుపెడతాడు. డ్రైవర్‌కి, అంటే దూరం కొట్టే పెద్ద క్లబ్బుకి, స్టిఫ్ (గట్టి) షాఫ్ట్ కావాలి, తన స్వింగ్ (క్లబ్బు తిప్పే తీరు) చాలా ఫాస్ట్, ఆఫీసులో బాసు కూడా స్టిఫ్‌తోనే ఆడతాడు అంటాడు. నేను బిల్లు రాసుకుంటూ "మీదే ఊరు సార్?" అని తెలుగులో అడుగుతాను. అక్కడి నుంచి మాట మారుతుంది. కుడి భుజం రెండేళ్ళ నుంచి పైకి లేవడం లేదనీ, తొమ్మిది హోల్స్, అంటే సగం ఆట, దాటితే నడుము పట్టేస్తుందనీ, బాల్ ఎప్పుడూ కుడివైపే పోతోందనీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. షాఫ్ట్ ఎంచడానికి నాకు కావలసినవి ఈ సంగతులే. మెషిన్ స్వింగ్ స్పీడు చెబుతుంది గానీ భుజం నొప్పి గురించి చెప్పదు.

షాఫ్ట్ ఎంత గట్టిదో చెప్పడానికి దాని మీద ఉండే అక్షరాలు అందరికీ తెలిసినవే. ఎల్ ఆడవాళ్ళకి, ఏ పెద్దవయసువాళ్ళకి, ఆర్ అంటే రెగ్యులర్, ఎస్ అంటే స్టిఫ్, ఎక్స్ అంటే ఇంకా గట్టిది. డ్రైవర్ స్వింగ్ స్పీడు గంటకు 75 మైళ్ళ లోపయితే ఎల్, 75 నుంచి 85 వరకు ఏ, 85 నుంచి 95 వరకు ఆర్, 95 నుంచి 105 వరకు ఎస్, ఆపైన ఎక్స్ అని ఒక మోటు లెక్క ఉంది. మొదలుపెట్టడానికి పనికొస్తుంది. కానీ ఈ అక్షరాలకు కంపెనీలన్నీ పాటించే కొలత ఏదీ లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత గట్టిగా ఉంటుంది. అందుకే మా బల్ల మీద ఇంకో మెషిన్ ఉంది. గ్రిప్పు వైపు బిగించి, హెడ్ (బాల్‌ని కొట్టే బరువైన భాగం) వైపు లాగి వదిలితే షాఫ్ట్ నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో చూపిస్తుంది. దాన్ని సీపీఎం అంటాం. ఎక్కువ ఊగితే గట్టిది, తక్కువ ఊగితే మెత్తనిది. ఒకే అక్షరం రాసున్న రెండు షాఫ్టులు బిగించి చూపిస్తే అంకెల్లో తేడా చూసి సార్లు ఆశ్చర్యపోతారు.

అసలు షాఫ్ట్ ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి. పై నుంచి కిందికి తిప్పడం మొదలుపెట్టగానే చేతులు ముందుకొస్తాయి, బరువైన హెడ్ వెనకబడుతుంది, షాఫ్ట్ వెనక్కి వంగుతుంది. కిందికొచ్చేసరికి ఇది తిరగబడుతుంది. హెడ్ బరువు షాఫ్ట్ గీత మీద కాకుండా కాస్త వెనగ్గా ఉంటుంది కాబట్టి, వేగం పెరిగేకొద్దీ ఆ బరువు షాఫ్ట్‌ని ముందుకు వంచుతుంది. బాల్ తగిలే వేళకి హెడ్ చేతుల కన్నా కొంచెం ముందుకు సాగి ఉంటుంది. దాంతో ఫేస్ (హెడ్‌లో బాల్ తగిలే ముఖం) లాఫ్ట్, అంటే పైకి చూసే వాలు, కాస్త పెరుగుతుంది, ఫేస్ కాస్త మూసుకుంటుంది, అంటే ఆటగాడి వైపు తిరుగుతుంది. మెత్తని షాఫ్ట్‌తో ఇది ఎక్కువ, గట్టిదానితో తక్కువ. కుడిచేతి ఆటగాడికి మరీ గట్టి షాఫ్ట్ పడితే బాల్ తక్కువ ఎత్తులో కుడికి జారడం, మరీ మెత్తనిది పడితే పైకి లేచి ఎడమకు పోవడం చాలామందిలో చూస్తాం. బాల్ ఫేస్ మీద ఉండేది సెకనులో రెండు వేలవ వంతు మాత్రమే. షాఫ్ట్ చేయాల్సింది అంతకుముందే అయిపోతుంది. కొరడాలా విదిలించి బాల్‌ని యాభై గజాలు ఎక్కువ తోస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

స్పీడు కన్నా నేను ఎక్కువగా చూసేది పై నుంచి తిరిగే క్షణం. 92 మైళ్ళతో తిప్పే ఇద్దరున్నారనుకోండి. ఒకాయన పైన ఒక్క లిప్త ఆగి నింపాదిగా దింపుతాడు. రెండో ఆయన పైకి పోయీ పోకముందే గుంజుతాడు. మొదటి ఆయనకి ఆర్ హాయిగా సరిపోతుంది. రెండో ఆయన చేతిలో అదే ఆర్ మెలికలు తిరుగుతుంది, ఆయనకి ఎస్ ఇచ్చినా తప్పులేదు, లేదా అదే ఆర్‌లో పది గ్రాములు బరువైనది ఇవ్వాలి. స్పీడు మెషిన్ మీద ఇద్దరి అంకె ఒకటే. అందుకే సారు మ్యాట్ మీదికి ఎక్కగానే నేను స్క్రీను చూడను, ఆయన భుజాలూ మణికట్లూ చూస్తాను.

పరీక్ష పెట్టేటప్పుడు షాఫ్ట్ మీద అక్షరం కనపడకుండా నల్ల టేపు చుడతాను. ఎస్ అని కనపడితే చేయి దానంతటదే బిగుసుకుంటుంది. హెడ్ ఒకటే, లాఫ్ట్ ఒకటే, షాఫ్ట్ మాత్రమే మారాలి. మొదటి పది బాల్స్ లెక్కలోకి రావు, ఒళ్ళు వేడెక్కడానికే. ఫేస్ మీద పలుచగా పౌడర్ స్ప్రే కొడితే బాల్ ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. ఆ మచ్చలు మధ్యలో గుంపుగా పడే షాఫ్ట్ ఏదో అదే మీది. అన్నిటికన్నా దూరం పోయిన ఒక్క బాల్‌ని చూసి షాఫ్ట్ కొనకండి. బాగా అలిసిపోయాక కొట్టిన చివరి ఐదారు బాల్స్ ఎక్కడ పడ్డాయో చూడండి. ఆదివారం పదిహేనో హోల్ దగ్గర మీ ఒళ్ళు ఉండేది ఆ స్థితిలోనే.

నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటూ గోల్ఫ్ నేర్చుకున్నారు. కొడుకు అమెరికా నుంచి వస్తూ తన డ్రైవర్‌నే నాన్నకి తెచ్చిచ్చాడు. తొమ్మిది డిగ్రీల హెడ్, స్టిఫ్ షాఫ్ట్. "బాబూ, దీన్ని మార్చొద్దు, గ్రిప్పు ఒక్కటి వేసివ్వు" అన్నారు. కొట్టి చూపించమన్నాను. 80 మైళ్ళు దాటడం లేదు. బాల్ మోకాలెత్తున పోయి కుడికి తప్పుకుంటోంది. ఇంకా గట్టిగా కొట్టాలని ఆయన భుజంతో తోస్తున్నారు. దెబ్బ దెబ్బకీ ముఖం చిట్లించుకుంటున్నారు. కొడుకిచ్చిన వస్తువుని కాదనమంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది, ఆ సంగతి నాకు తెలుసు. మా అమ్మ కూడా నేను కొనిచ్చిన చీర రంగు నచ్చకపోయినా కట్టుకుంటుంది.

ఈ కాలం డ్రైవర్లలో షాఫ్ట్ చివర ఒక అడాప్టర్ ఉంటుంది, స్క్రూ తిప్పితే షాఫ్ట్ ఊడివస్తుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. హెడ్‌ని అలాగే ఉంచి, అడాప్టర్‌తో లాఫ్ట్ కొంచెం పెంచి, 50 గ్రాముల లోపు సీనియర్ (ఏ) షాఫ్ట్ ఒకటి బిగించాను. టేపు చుట్టే ఇచ్చాను. నాలుగో బాల్‌కి బాల్ లేచింది. పదో బాల్‌కి ఆయన భుజంతో తోయడం మానేశారు. టేపు తీసి అక్షరం చూపించాను. "మా వాడి షాఫ్ట్ పారెయ్యకు" అన్నారు. కొత్త గ్రిప్పు వేసి, గుడ్డలో చుట్టి ఇచ్చాను. కొడుకు సెలవులకి వచ్చినప్పుడు అదే హెడ్‌కి దాన్ని బిగించుకుని ఆడుకోవచ్చు.

అక్షరం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా బరువు మీద, పొడుగు మీద పెడితే ఎంతో బాగుంటుంది. షాపుల్లో డ్రైవర్ 45 అంగుళాలు దాటే వస్తుంది. ఒక అర అంగుళం గ్రిప్పు వైపు కోస్తే చాలామందికి మచ్చలు మధ్యకొస్తాయి. కోస్తే హెడ్ తేలిగ్గా అనిపిస్తుంది, తిప్పేటప్పుడు హెడ్ ఎంత బరువనిపిస్తుందో చెప్పే స్వింగ్ వెయిట్ మూడు పాయింట్లు పడిపోతుంది, హెడ్‌కి సీసం టేపు అంటించి సరిచేస్తాం. హెడ్ వైపు కోయడం వేరే సంగతి. అటువైపు కోస్తే షాఫ్ట్ బాగా గట్టిపడుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. ఇంట్లో హాక్‌సా పట్టుకునే ముందు దయచేసి ఎవరినైనా అడగండి.

చెన్నై నుంచి బదిలీ మీద వచ్చే సార్లకు ఇంకో మాట. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ గాలి పలచన, బాల్ కొంచెం దూరం పోతుంది. వచ్చిన వారంలోనే కొత్త షాఫ్ట్ కొని, ఆ పెరిగిన గజాలన్నీ దాని గొప్పే అనుకోకండి. ప్రాక్టీస్ రేంజిలో వాడే అరిగిన బాల్స్‌తో కూడా దూరం లెక్క కట్టొద్దు.

దూరమే గోల్ఫ్ అయితే మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ పేరు ఎవరికీ తెలిసేది కాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో తనకన్నా ఎంతో దూరం కొట్టేవాళ్ళ మధ్య ఆడి, ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రోజు మా వర్క్‌షాపులో పని ఆగిపోయింది, అందరం ఫోన్ల చుట్టూ చేరాం.

నాకు ఎక్కువ బాధనిపించేది ఆడేవాళ్ళ బ్యాగులు మోసే క్యాడీ కుర్రాళ్ళని చూసినప్పుడు. వాళ్ళలో మన మడకశిర, కదిరి వైపు పిల్లలూ ఉన్నారు. వాళ్ళకి దొరికేవి మెంబర్లు వాడి వదిలేసిన క్లబ్బులు. ఎవరో కుర్ర సారు కొని, మోయలేక ఇచ్చేసిన ఎక్స్ షాఫ్ట్‌తో పదహారేళ్ళ పిల్లాడు స్వింగ్ నేర్చుకుంటాడు. బాల్ లేవడం లేదని ఒళ్ళు వెనక్కి వాల్చి కొడతాడు, అదే అలవాటైపోతుంది. తర్వాత ఎంత మంచి కోచ్ వచ్చినా దాన్ని విప్పడం కష్టం. క్యాడీగా మొదలై టూర్ ప్రొఫెషనల్ అయిన చిక్కరంగప్ప బెంగళూరు పక్కన బిడది వైపువాడే కాబట్టి ఈ పిల్లలకి ఆశ ఉంది, ఆశకి తగ్గ షాఫ్ట్ లేదు.

అందుకే ఊడదీసిన పాత ఆర్ షాఫ్టులు నేను పారేయను. యజమానితో మాట్లాడి ఒక మూల నిలబెట్టాను. కుర్రాళ్ళు పని లేని రోజున వస్తారు. "అన్నా, నాకు స్టిఫ్ వెయ్యన్నా" అని వాళ్ళూ అదే అడుగుతారు. వాళ్ళకీ టేపు చుట్టే ఇస్తాను. షాఫ్ట్ అతికించే ఎపాక్సీ జిగురు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది, మర్నాడు వచ్చి పట్టుకెళ్తారు. మీ ఇంట్లో వాడని ఆర్ షాఫ్టులు, ఏ షాఫ్టులు ఏవైనా పడుంటే పాత సామానువాడికి వెయ్యకండి. మీరు ఆడే కోర్సులో క్యాడీ మాస్టర్ చేతికివ్వండి. ఏ పిల్లాడి స్పీడు ఎంతో ఆయనకి తెలుసు.