టికెట్ల కంటే ముందు తిరిగొచ్చే దారులు చూసుకున్నాం

ఫైనల్ వైవా అయిపోగానే నలుగురం బ్యాగులు తగిలించుకుని ఎటైనా వెళ్లిపోవాలని సెకండ్ ఇయర్ నుంచీ అనుకుంటున్నాం. మొదట్లో యూరప్ అన్నాం. షెంగెన్ వీసాకి బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్స్, రోజువారీ హోటల్ బుకింగులు అన్నీ చూపించాలని తెలిశాక, చదువు అప్పుడే అయిపోయి ఇంకా ఉద్యోగంలో చేరని అమ్మాయిలకి అది ఇప్పట్లో అయ్యే పని కాదని అర్థమైంది. ఇప్పుడు ప్లాన్ మలేషియా, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా. జూన్‌లో బెంగుళూరు నుంచి బయల్దేరతాం, రెండు నెలల పైనే తిరుగుతాం.

మేం ఉండేది బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో. నేను నంద్యాల, మిగతా ముగ్గురూ మదనపల్లి, హిందూపురం, నెల్లూరు. మా మధ్య ఊరి పేర్లే పిలుపులు, కాబట్టి ఇక్కడా అవే వాడతా.

నేను ముందు చెప్పాలనుకున్నది డబ్బు గురించి, ఎందుకంటే ప్లాన్ మొత్తం దానివల్లే మారింది. చాలా వారాలు మేం ఏం చేశామంటే ఎవరికి ఏ దేశం ఇష్టమో షీట్‌లో రాసుకుంటూ పోయాం, నెల్లూరు బాలీ కూడా కలిపింది, నేను జపాన్ దాకా వెళ్లిపోయా, ఆ టైమంతా మదనపల్లి అన్నిటికీ సరే సరే అంటోంది తప్ప తనకేం కావాలో ఒక్క ముక్క చెప్పట్లేదు. ఒక ఆదివారం రాత్రి పీజీ టెర్రస్ మీద కూర్చున్నప్పుడు హిందూపురమే అడిగేసింది, "ఏమే, నీ దగ్గర ఎంతుందో చెప్పు, దాన్ని బట్టే చేద్దాం" అని. మదనపల్లి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసి అకౌంట్ బ్యాలెన్స్ మా ముందు పెట్టింది. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో మిగుల్చుకున్నది అంతా అదే. "ఈసారి టమాటా రేటు బాలేదు, ఇంట్లో రూపాయి కూడా అడగను" అంది. వాళ్ల నాన్న టమాటా రైతు, మార్కెట్ యార్డులో బాక్స్ రేటు పడిపోయిన సీజన్‌లో ఆ ఇంట్లో ఖర్చులు ఎలా ఉంటాయో తను చెప్పాల్సిన పని లేదు.

ఆ రాత్రే బాలీ, జపాన్ రెండూ కొట్టేశాం. రోజుకి మనిషికి రెండు వేల రూపాయల లోపు అన్నీ, అంటే పడక, తిండి, లోకల్ బస్సు, ఎంట్రీ టికెట్లు కలిపి, అదీ మా రూల్. ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్ల లెక్కే గ్రూప్ లెక్క. ఉన్నవాళ్లు ఎక్కువ పెట్టుకుని లేనివాళ్లకి సర్దుదాం అనే మాట కూడా వచ్చింది, మదనపల్లి ఒప్పుకోలేదు, నాకూ అదే కరెక్ట్ అనిపించింది, రెండు నెలలు ఒకరి దగ్గర తీసుకుంటూ తిరిగితే ఏం తినాలన్నా మొహమాటమే కదా.

ఇక దారి. జూన్ అంటే అక్కడా వానలే, కానీ అన్ని చోట్లా ఒకేసారి కాదు, మాకు ఇది బాగా కలిసొచ్చింది. థాయ్‌లాండ్‌లో పుకెట్, క్రాబీ ఉన్న అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబర్ దాకా వానలు, సముద్రం కూడా పోటుగా ఉంటుంది. అటు తూర్పున థాయ్‌లాండ్ గల్ఫ్ వైపు ఉన్న దీవులు కో తావ్, కో సముయ్‌లకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్‌లో. వియత్నాం మధ్యలో ఉన్న హోయాన్‌కి కూడా అంతే, అక్కడ వరదలు అక్టోబర్, నవంబర్‌లో వస్తాయి, జూన్ జులైలో ఎండ మండిపోతుంది, అయినా మనకి ఎండ కొత్తా ఏంటి. అందరూ ఫొటోలు పెట్టే క్రాబీని వదిలేసి గల్ఫ్ వైపు పెట్టుకోవడానికి కారణం ఇదే.

కౌలాలంపూర్‌లో దిగి అక్కడి నుంచి ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైల్లో ఉత్తరాన పడాంగ్ బేసార్ దాకా వెళ్తాం. ఆ స్టేషన్‌లోనే రెండు దేశాల ఇమ్మిగ్రేషన్ ఉంటుంది, ఒక కౌంటర్‌లో మలేషియా స్టాంపు, పక్క కౌంటర్‌లో థాయ్ స్టాంపు, అటు నుంచి హాట్ యాయ్‌కి చిన్న రైలు. తర్వాత రాత్రి రైల్లో చుంఫోన్, అక్కడి నుంచి బోటులో కో తావ్. మళ్లీ పైకి బ్యాంకాక్, చియాంగ్ మై. ఆ పైన లావోస్‌లోకి దిగి మెకాంగ్ నది మీద స్లో బోటు, హువాయ్ సాయ్‌లో ఎక్కితే మధ్యలో పాక్‌బెంగ్ అనే ఊళ్లో రాత్రి ఆగి రెండో రోజు సాయంత్రానికి లువాంగ్ ప్రబాంగ్ చేరుస్తుంది. అక్కడి నుంచి వియెంటియాన్‌కి 2021 డిసెంబర్‌లో మొదలైన కొత్త రైలుంది, రెండు గంటలే. వియెంటియాన్ నుంచి హనోయ్‌కి బస్సు దాదాపు 24 గంటలు కొండల్లో తిప్పుతుందట, దానికి మాత్రం ఫ్లైటే, బడ్జెట్ ఎంత టైట్‌గా ఉన్నా సరే.

వీసాల సంగతి త్వరగా చెప్పేస్తా. మలేషియా 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లని 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది. థాయ్‌లాండ్ 2024 జులైలో 60 రోజులు చేసింది, తగ్గిస్తామన్న మాటలు కూడా తర్వాత వచ్చాయి, అందుకే మేం 30 రోజుల లోపే సర్దుకున్నాం. రెండు దేశాలకీ దిగే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి, అది ఫ్రీ, డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి. వియత్నాం ఈ-వీసా సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, 90 రోజుల వరకు ఇస్తారు. లావోస్ వీసా స్టిక్కర్ పాస్‌పోర్ట్‌లో ఒక పేజీ మొత్తం తీసుకుంటుంది. హిందూపురం ఇప్పుడే కొత్త పాస్‌పోర్ట్‌కి పెట్టుకుంది కాబట్టి 36 పేజీలది కాకుండా 60 పేజీలది పెట్టించాం, తేడా 500 రూపాయలే.

బండ్ల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్తా, ఎందుకంటే ఇది చాలామంది పట్టించుకోరు. వియత్నాం ఉత్తరాన హా జియాంగ్ కొండల్లో బైక్ మీద తిరగడం మా నలుగురికీ పెద్ద కోరిక. మన ఆర్టీవో ఆఫీసులో వెయ్యి రూపాయలు కడితే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. అయితే మన దేశం ఇచ్చేది 1949 జెనీవా ఒప్పందం ప్రకారం, వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చినవి. అంటే మన పర్మిట్ జేబులో ఉన్నా అక్కడ లైసెన్స్ లేనట్టే లెక్క. అద్దెకిచ్చేవాళ్లు ఏమీ అడక్కుండా తాళం చేతిలో పెడతారు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చెల్లని లైసెన్స్‌తో నడిపారని క్లెయిమ్ కొట్టేస్తారు. కొండ రోడ్డు మీద కాలు విరిగితే ఆ బిల్లు ఇంట్లో ఎవరు కడతారు? అందుకే అక్కడ లోకల్ డ్రైవర్లు నడిపే బండ్లెక్కి వెనక కూర్చుంటాం. నెల్లూరుకి ఇది అస్సలు నచ్చలేదు, ఇంటర్ నుంచీ బుల్లెట్ నడుపుతోంది పాపం, అయినా ఈ ఒక్క విషయంలో నేను తగ్గలేదు.

ఇప్పుడు ఇళ్లల్లో ఒప్పించడం. నాన్నకి ఫోన్ చేసి దేశాల పేర్లు చెప్తుంటే కంబోడియా దగ్గర ఆపేశారు. "ఆ వైజాగ్ పిల్లల్ని పట్టుకుపోయిన చోటే కదమ్మా అది?" అన్నారు. నిజమే, 2024 మేలో వైజాగ్ పోలీసులు పట్టుకున్న కేసు అది, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని కంబోడియా పంపి, అక్కడ పాస్‌పోర్ట్‌లు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. పైగా మేం బోటెక్కే హువాయ్ సాయ్ ఉన్న బొకేయో ప్రావిన్స్‌లోనే గోల్డెన్ ట్రయాంగిల్ అనే స్పెషల్ జోన్ ఉంది, అక్కడ ఇలాగే ఇరుక్కున్న 47 మంది మనవాళ్లని 2024 ఆగస్టులో మన ఎంబసీ బయటికి తెచ్చింది. ఇదంతా నాన్నకి దాచలేదు, నేనే చదివి వినిపించా. మేం వెళ్లేది ఉద్యోగానికి కాదు, మధ్యలో ఏజెంట్ లేడు, పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇచ్చేది లేదు, బోటు ఆ జోన్‌కి అవతలి దిక్కుగా కిందికి వెళ్తుంది, ముందు రాత్రి థాయ్ వైపు చియాంగ్ ఖోంగ్‌లోనే పడుకుని పొద్దున్నే బ్రిడ్జి దాటి నేరుగా బోటు దగ్గరికి వెళ్తాం అని మ్యాప్ పంపించి చెప్పా.

నాన్న అన్నీ విని ఒక్కటే అడిగారు, "మధ్యలో రావాలంటే ఎట్లొస్తావు?" అని. నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న పట్టుకునే తర్వాత వారం మొత్తం ప్లాన్ తిరగరాశాం. మాకూ ఆ అవసరం ఉంది మరి, నెల్లూరుకీ నాకూ ఆఫర్ లెటర్ ఉంది గానీ జాయినింగ్ డేట్ రాలేదు, ఆగస్టులో పిలుస్తారో డిసెంబర్‌లో పిలుస్తారో ఎవరికీ తెలీదు, మెయిల్ వచ్చాక రెండు వారాలే టైమిస్తారని సీనియర్లు చెప్పారు. ఇప్పుడు షీట్‌లో ప్రతి ఊరి పక్కన ఇంకో గడి ఉంది, ఇక్కడి నుంచి ఇంటికి ఎలా అని. కో తావ్‌లో ఉంటే బోటు, రైలు పట్టుకుని బ్యాంకాక్, అక్కడి నుంచి బెంగుళూరుకి నాలుగు గంటల లోపే. చియాంగ్ ఖోంగ్ అయితే చియాంగ్ రాయ్ ఎయిర్‌పోర్టు, లావోస్‌లో వియెంటియాన్, ఆ తర్వాత హనోయ్, హో చి మిన్ సిటీ. ఎవరికి మెయిల్ వస్తే వాళ్లు దగ్గరున్న చోటు నుంచి వచ్చేస్తారు, మిగతావాళ్లు ముందుకెళ్తారు, అలగడాలు ఉండవు, ఇది నలుగురం ఇప్పుడే ఒప్పుకున్నాం. ఆ టికెట్ కోసం ఒక్కొక్కరూ పాతిక వేలు విడిగా వేరే అకౌంట్‌లో పెట్టాం, దాన్ని ఇంకే ఖర్చుకీ ముట్టుకోం. మదనపల్లికి అది పక్కన పెట్టడం కోసమే మా ట్రిప్‌లో పది రోజులు తగ్గించాం.

ఇదే లెక్కలో కంబోడియా చివరికి వెళ్లింది. 2025 జులైలో థాయ్, కంబోడియా సైన్యాల మధ్య కాల్పులయ్యాయి, రోడ్డు సరిహద్దులు మూతపడ్డాయి, అందుకని సియెం రీప్ నుంచి బస్సులో బ్యాంకాక్ రావడం అనే పాత దారిని తీసేశాం. హో చి మిన్ నుంచి కంబోడియా వెళ్లి, అక్కడి నుంచి ఫ్లైట్‌లో కౌలాలంపూర్, మళ్లీ బెంగుళూరు.

తిండి గురించి మా అమ్మ బెంగ వేరే. జూన్ అంటే కొత్త ఆవకాయ అప్పుడే ఊరి ఉంటుంది, సీసాడు పెట్టి పంపుతానంటోంది. మావి ఏడు కిలోల క్యాబిన్ బ్యాగులే, నూనె ఉన్న పచ్చడి సెక్యూరిటీలో ఆపేస్తారు. దానికోసం నలుగురికీ కలిపి ఒక చెకిన్ బ్యాగ్ కొన్నాం, అందులో ఆవకాయ, కందిపొడి, హిందూపురానికి ప్రెషర్ లేకుండా ఉడికే చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్. తను గుడ్డు కూడా తినదు, అక్కడ కూరగాయల వంటల్లో కూడా చేపల సాస్ పడుతుంది. వియత్నాంలో చాయ్ (chay, వాళ్ల భాషలో శాకాహారం, మన టీ కాదు) అని బోర్డున్న హోటళ్లు, థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరమున్న దుకాణాలు పూర్తి శాకాహారం, ఊరికి రెండు చొప్పున మ్యాప్‌లో గుర్తు పెట్టి ఉంచా.

ఒక్కటే ఇంకా తేలలేదు, కంబోడియాలో ఆంగ్‌కోర్ వాట్ గుడి చూడ్డానికి పాస్. ఒక రోజుది 37 డాలర్లు, మూడు రోజులది 62, ఆ మూడు రోజులూ పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. మా రోజు లెక్కలో 37 అంటేనే ఎక్కువ. కానీ తూర్పు గ్యాలరీలో క్షీరసాగర మథనం శిల్పం ఒక్కటే 49 మీటర్ల పొడవు ఉంటుంది, వాసుకిని అటు రాక్షసులు ఇటు దేవతలు లాగుతుంటే మధ్యలో విష్ణువు, కింద కూర్మం, నీళ్లలో ముక్కలైపోతున్న చేపలు, మొసళ్లు. రెండో సూర్యవర్మ 12వ శతాబ్దంలో విష్ణువు కోసం కట్టించిన గుడి అది. లేపాక్షి పక్కన పెరిగిన హిందూపురం, చిన్నప్పటి నుంచీ ఆ మంటపం కప్పు మీద బొమ్మలు మెడ నొప్పెట్టేదాకా చూసిన పిల్ల, ఒక్క రోజులో చూసి వచ్చేయమంటే ఎలా వస్తుంది? మూడు రోజులదే తీసుకుందాం, కావాలంటే కో తావ్‌లో రెండు రాత్రులు తగ్గిద్దాం అంటున్నా నేను. మదనపల్లి లెక్క చూసి శనివారం చెప్తానంది.